పడవల షెడ్డుకు వచ్చిన దాత

వెర్నా హాల్‌స్టెడ్ ఎవరినీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. పుచ్చకాయ కొన్నా తట్టి చూసి, వాసన చూసి, చివరికి అమ్మేవాడి మొహం కూడా చూసి గాని సంచిలో వేసుకోదు. "దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నా, ముందు గుర్తింపు కార్డు చూపించమంటుంది ఈవిడ" అని మొగుడు ఓరిన్ నలుగురిలో అంటుంటాడు. నలుగురూ నవ్వుతారు. వెర్నా కూడా నవ్వుతుంది. నవ్వుతూనే, వాళ్ళెందుకు నవ్వుతున్నారా అని ఒకసారి ఆలోచిస్తుంది.

సైన్యానికి తిండీ బట్టా మందుగుండూ చేరవేసే విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి, లెఫ్టినెంట్ కల్నల్‌గా బయటికొచ్చాక, ఆవిడ ఇంకెక్కడికీ పోకుండా హార్లోస్ ల్యాండింగ్‌లో ఇల్లు కొనుక్కుంది. ఊరు నది ఒడ్డున ఉంటుంది. ఊరి నెత్తిన, రాతిగోడలతో, తను చదువుకున్న సైనిక అకాడమీ. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఉత్తినే 'కొండ' అంటారు. కొండమీద పిల్లలకి చదువు, తిండి, బట్ట అన్నీ సర్కారువే. ఆటల దగ్గరికొచ్చేసరికి మాత్రం సర్కారు గుప్పిలి మూసుకుంటుంది. పడవ కొనాలన్నా, పోటీకి బస్సు కట్టాలన్నా పాత విద్యార్థులు జేబులో చెయ్యి పెట్టాల్సిందే. ఫుట్‌బాల్‌కి అడక్కముందే ఇస్తారు. తెడ్లు వేసే పిల్లలకి అడిగినా ఇవ్వరు.

ఆ అడిగే పని పదేళ్ళ పైబడి వెర్నాది. పడవల జట్టు అభిమాన సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు, ఆవిడే బంట్రోతు. జీతం లేదు. చలి మొదలయ్యే రోజుల్లో ప్రతి శనివారం, ఫుట్‌బాల్ ఆటకి ముందు కార్లు నిలిపే మైదానంలో మడతబల్ల వేస్తుంది. ఓరిన్ సాసేజులు కాలుస్తాడు. వచ్చేపోయేవాళ్ళ చేతిలో రొట్టె పెట్టి, వాళ్ళ నోట్లో ముద్ద ఉండగా వెర్నా పడవల సంగతి ఎత్తుతుంది. నోరు ఖాళీ లేనివాడు కాదనలేడని ఆవిడ నమ్మకం. మిగతా రోజుల్లో ఫోన్లు. ఆవిడ నంబరు కనబడగానే ఫోను బోర్లా పెట్టేసే సహాధ్యాయులు దేశం నలుమూలలా ఉన్నారు.

ఆ అనుమానపు బుద్ధి ఆవిడకి పుట్టుకతో రాలేదు. కొండమీదే అబ్బింది.

ఆడపిల్లల్ని అకాడమీలో చేర్చుకోవడం మొదలైన రెండో ఏడు వెర్నా చేరింది. అప్పుడు ఆవిడ వెర్నా లట్రెల్. పద్దెనిమిదేళ్ళు. భోజనశాలలో ఆవిడ కూర్చునే బల్లకి పెద్ద, చివరి ఏడు చదివే రస్సెల్ ఓడెల్ అనేవాడు. కొత్తగా చేరినవాళ్ళు నిటారుగా కూర్చుని, అడిగిందల్లా వల్లించి, ఆ తర్వాతే తినాలనేది అక్కడి ఆనవాయితీ. అందరికీ ఉన్నదే అది. వెర్నాకి మాత్రం ఓడెల్ విడిగా ఒక పాఠం పెట్టాడు.

"మిస్ లట్రెల్, నువ్విక్కడికి ఎందుకొచ్చావ్?"

"సార్, ఒక మగవాడి చోటు కాజేయడానికొచ్చాను, సార్!"

"వినబడలేదు."

మళ్ళీ చెప్పాలి. మళ్ళీ. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాక, తినే వ్యవధి అయిపోయేది, పళ్ళేలు తీసేసేవారు. ఆ చలికాలానికి వెర్నా బెల్టుకి కొత్త చిల్లులు పొడుచుకుంది. ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం తిండి బాగుందనే రాసింది.

ఆవిణ్ణి నిలబెట్టింది డెల్ఫిన్ క్రాన్‌స్టన్ అనే ఇల్లాలు. కొండమీద పనిచేసే ఒక మేజరు గారి భార్య. కాలేజీ రోజుల్లో తెడ్డు వేసిన మనిషి. ఎవరూ అడగకుండానే నలుగురు ఆడపిల్లల్ని పోగేసి, మగపిల్లలు పారేసిన పాత పడవ ఒకటి సంపాదించి, తెల్లవారుతూనే నదిలో దింపేది. కోటు జేబుల్లో ఉడకబెట్టిన గుడ్లు తెచ్చేది. "ముందు గుడ్డు, తర్వాతే తెడ్డు" అనేది. కొండ ఆవిడకి చిల్లిగవ్వ ఇవ్వలేదు, జట్టని కూడా ఒప్పుకోలేదు. డెల్ఫిన్ పోయి చాలా కాలమైంది. ఆవిడ పని మిగిలిపోయిందని వెర్నా ఎత్తుకుంది. అంతే.

ఒక అక్టోబరు శనివారం వెర్నా సాసేజుల మీద ఆవముద్ద పూస్తుంటే వెనకనించి ఒక గొంతు వినబడింది. తల తిప్పకముందే ఆవిడ వెన్ను దానంతటదే నిటారయింది.

"మీరేనా మిసెస్ హాల్‌స్టెడ్? నా పేరు రస్సెల్ ఓడెల్. డెబ్బై ఎనిమిది బ్యాచి. మిమ్మల్ని మొదటిసారి కలుసుకోవడం చాలా సంతోషంగా ఉందండీ."

మొదటిసారి!

ఒంటెరంగు కోటు, తెల్లటి జుట్టు, టోపీ చేతిలో పట్టుకుని ఎంతో మర్యాదగా నిలబడి ఉన్నాడు. ఒహాయోలో కంకరా సిమెంటూ వ్యాపారమట. పొద్దున్నే వెళ్ళి పడవల షెడ్డు చూసొచ్చాడట.

"నేలంతా పుచ్చిపోయిందండీ. కాలు పెడితే నదిలో తేలేట్టుంది. దాన్ని పడగొట్టేసి, మొత్తం కొత్తది నేను కట్టిస్తాను."

ఓరిన్ చేతిలో పటకారు ఆగిపోయింది. వెర్నా ఆవముద్ద సీసాకి మూత బిగించి, "మీరు పడవల జట్టులో ఉండేవారా?" అంది.

"లేదండీ, కుస్తీ."

"మరి పడవల మీద ఇంత ప్రేమేమిటి?"

"ఆడపిల్లల ఆటలకి ఎవరో ఒకరు చెయ్యాలి కదండీ. మీరు ఆడవాళ్ళ తొలి జట్టు మనిషి అని విన్నాను. చిన్న కోరిక ఒక్కటే. వసంతంలో పూర్వ విద్యార్థుల విందుంది కదా, అందులో నన్ను పరిచయం చేస్తూ మీరు రెండు ముక్కలు మాట్లాడాలి. ఇద్దరం కలిసి ఒక ఫొటో. అంతే."

సాసేజు వద్దన్నాడు. చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

"నీ సాసేజు తినకుండా షెడ్డు ఇచ్చిన మొదటి మనిషే" అన్నాడు ఓరిన్. తర్వాత పెళ్ళాం మొహం చూశాడు. "ఏమైంది?"

"వాడే."

ఓరిన్‌కి ఆ కథ తెలుసు. "పోల్చుకోలేదేమో వెర్నా. ఇంటిపేరు మారింది. జుట్టు మారింది."

"పోల్చుకోకపోవడమా! ఏడాది పొడుగునా మూడు పూటలా నా మొహంలో మొహం పెట్టి అరిచినవాడు!"

ఊరకే రారు మహానుభావులు. నలభై ఏళ్ళ పైగా ఒక్క డాలరు విదల్చని మనిషి, తన ఆట కాని ఆటకి, తను ఏడిపించిన ఆడదాన్ని వెతుక్కుంటూ వచ్చి షెడ్డు కట్టిస్తానంటే దాని వెనక ఏముందో తెలుసుకోకుండా వెర్నా ఎలా ఊరుకుంటుంది? ఆ వారమంతా ఆవిడకి అదే ధ్యాస. అతను పంపిన పూలబుట్టని లోపలికి తేనివ్వలేదు. మెట్ల మీదే పెట్టించింది. రెండుసార్లు ఫోన్ చేసి, "మీ పాత జట్టువాళ్ళు ఇంకా ఎవరెవరు అందుబాటులో ఉన్నారండీ?" అని అతను అడిగితే, "ఎందుకు?" అని మాత్రం అంది. "ఉత్తినే" అన్నాడు. ఉత్తినే అన్న మాట విన్నాక ఆవిడ అనుమానం రెట్టింపయింది.

పాలెట్‌కి ఫోన్ చేసింది. ఆ నలుగురు పిల్లల్లో పాలెట్ కొవాల్చిక్ ఒకతె. ఇప్పుడు నెబ్రాస్కాలో పశువుల డాక్టరు.

"ఒసేయ్, ఓడెలా? పోయిన నెల మా ఇంటికొచ్చాడే. యాపిల్ కేకు తెచ్చాడు. బాగుంది కూడాను."

"నీ ఇంటికా! ఎందుకొచ్చాడు?"

"సంతకం కోసం. వసంతంలో కొండమీద పెద్ద పురస్కారం ఇస్తారు కదా, దానికి వాడి పేరు వేశార్ట. ఆడవాళ్ళ తరఫున కూడా ఎవరైనా బలపరిస్తే బాగుంటుందని ఎవరో చెప్పార్ట. పెట్టేశాను."

"పెట్టేశావా!"

"నాకేం తెలుసు? వాడు నా బల్ల వాడు కాదు కదే. నీ బల్ల వాడా? ఆ... ఆ వెధవేనా?" పాలెట్ గొంతు మారింది. "అయ్యో వెర్నా! కేకంతా తినేశానే."

తీగ దొరికింది. పురస్కారానికి పేరు వేశాక, ఆ మనిషి మీద ఏదైనా చెప్పదల్చుకున్న పాత విద్యార్థులు చెప్పవచ్చునని కొండమీద నియమం ఉంది. ఓడెల్ ఎవరికి భయపడతాడు? వెర్నా లట్రెల్‌కి. అందుకే షెడ్డు. అందుకే ఫొటో. పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో దిగిన ఆడది రేపు నోరు విప్పితే ఎవరు నమ్ముతారు? తన నోటికి కొత్త పైకప్పు వేయించడానికొచ్చాడని వెర్నా తీర్మానించుకుంది.

కొండమీద విరాళాల కచేరీలో జీతానికి పనిచేసే కార్లా వెస్టర్‌గార్డ్ అనే అమ్మాయికి ఈ సంగతి లీలగా తెలిసింది. "కల్నల్ గారూ, ఇంత పెద్ద దాత మనకి మళ్ళీ దొరకడు. ఏదైనా ఉంటే మాకు వదిలెయ్యండి, మేం చూసుకుంటాం" అంది. అమ్మాయి మంచిదే. కానీ ఆ 'మేం చూసుకుంటాం' కూడా వెర్నాకి రుచించలేదు.

నవంబరులో ఓడెల్ మళ్ళీ ఊరికొచ్చాడు. రేవు దగ్గర టిఫిన్ హోటల్‌కి రమ్మని వెర్నాయే కబురు చేసింది. ఇద్దరి ముందూ కాఫీ. కిటికీ అవతల నది బూడిదరంగులో ఉంది.

"ఓడెల్ గారూ, ఈ నాటకం చాలిద్దాం. నేనెవరో మీకు తెలుసు."

"మిసెస్ హాల్‌స్టెడ్..."

"లట్రెల్. వెర్నా లట్రెల్."

అతను మర్యాదగా ఎదురుచూశాడు, ఇంకేదో చెబుతుందని. వెర్నా అతని కళ్ళలోకే చూస్తోంది. రెప్ప కొట్టుకుంటుందని, కప్పు వణుకుతుందని, మెడ ఎర్రబడుతుందని. ఏదీ జరగలేదు.

"క్షమించండి, ఆ పేరు..." అన్నాడు.

"మీ బల్ల. నేను మొదటి ఏడు. మీరు చివరి ఏడు. ఇక్కడికి ఎందుకొచ్చావని అడిగేవారు. ఒక మగవాడి చోటు కాజేయడానికొచ్చాను అని చెప్పించేవారు. అన్నం ముందు పెట్టి, చెప్పించి చెప్పించి, తినకుండానే లేపేసేవారు."

అతను చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. పోయిన తాళంచెవి ఏ జేబులో ఉందా అని తడుముకునేవాడిలా మొహం పెట్టాడు.

"అందరితోనూ ఏవో వల్లింప చేసేవాళ్ళం. నాతోనూ చేయించారు. మీరు... నిజంగా గుర్తు లేదండీ. ఆ ఏడు మా బల్ల దగ్గర ఆడపిల్ల ఉండేదా?"

వెర్నా కప్పు పక్కకి నెట్టింది. అబద్ధమాడితే పట్టుకుందామని వచ్చింది. భయపడితే చూద్దామని వచ్చింది. ఇన్నేళ్ళూ ఆవిడ ఏ గదిలోకి వెళ్ళినా తలుపుకి వీపు పెట్టకుండా కూర్చున్నది ఈ మనిషి వల్ల. ఈ మనిషి బుర్రలో ఆవిడ ఒక్క పూట కూడా కాపురం చేయలేదు.

ఓడెల్ మాత్రం అప్పటికి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. కళ్ళు చిన్నవయ్యాయి.

"ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తారు? పురస్కారం దగ్గరపడ్డాకే ఎందుకు?" గొంతు తగ్గించాడు. "ఏం కావాలి మీకు? ఎంత?"

"ఏమిటి?"

"నేను వ్యాపారస్థుణ్ణండీ. మనుషులు ఎప్పుడు ఏ మాట ఎత్తుతారో నాకు తెలుసు."

వెర్నా కాఫీకి డబ్బులు బల్లమీద పెట్టి లేచొచ్చేసింది.

రెండు రోజులకి కార్లా ఫోన్ చేసింది. "కల్నల్ గారూ, ఓడెల్ గారి వకీలు మాట్లాడాడు. మీరాయన్ని బెదిరించారంటున్నాడు. నేను నమ్మను. కానీ అడక్క తప్పదు. మీరు ఆయన్ని ఏమైనా కోరారా?"

అనుమానించడం వెర్నాకి చేతనైన విద్య. అనుమానింపబడటం కొత్త. "నీకు ఏమనిపిస్తోంది?" అంది. అవతల కొంచెం ఆలస్యం అయింది. కొంచెమే. ఆ కొంచెం ఆలస్యం ఆవిణ్ణి చాలా రోజులు పొడిచింది. తను ఇన్నేళ్ళుగా ఎంతమందికి అటువంటి ఆలస్యం రుచి చూపించిందో అని కూడా అనిపించింది.

సంఘంలో సభ్యులు ఏడుగురు. తెడ్లు వేసే పిల్లల తల్లిదండ్రులు కొందరు, పాతవాళ్ళు కొందరు. వాళ్ళని చర్చి కింది హాల్లో కూర్చోబెట్టి వెర్నా ఉన్నదున్నట్టు చెప్పింది. బల్ల సంగతి, పురస్కారం సంగతి, హోటల్లో తన మాటలు, అతని మాటలు. తన మీద వచ్చిన నింద కూడా దాచలేదు. "ఈ విరాళం విషయంలో నా మాట చెల్లకూడదు. మీరే తేల్చండి" అని చివరి కుర్చీలో కూర్చుంది.

"వాడి డబ్బు మనకొద్దు" అన్నారు ఇద్దరు, వెంటనే.

నోలన్ ప్రుయిట్ అనే ఆయన లేచాడు. పోస్టాఫీసులో పనిచేస్తాడు, కూతురు జట్టులో ఉంది. "కల్నల్ గారూ, మీకు జరిగింది వింటే నాకు ఒళ్ళు మండింది. కానీ నా కూతురు రోజూ ఆ పుచ్చిన నేలమీదే పడవ మోస్తోంది. పోయిన వారం ఒక పిల్ల కాలు దిగబడింది. వాడు మంచివాడైతేనే సిమెంటు గట్టిపడుతుందా?"

ఎవరూ నవ్వలేదు. వెర్నాకి కోపం రాలేదు. ఆ సభలో తనకి నచ్చిన మాట అదొక్కటేనని తర్వాత ఓరిన్‌తో చెప్పింది.

చివరికి తేల్చింది ఏమిటంటే, డబ్బు ఇస్తే పుచ్చుకోవడం. పరిచయ వాక్యాలు ఉండవు, ఫొటో ఉండదు, పురస్కారంతో సంఘానికి సంబంధం లేదు. వెర్నా అనుకూలంగానూ మాట్లాడదు, వ్యతిరేకంగానూ మాట్లాడదు. ఆ సంగతి వకీలుకి ప్రుయిట్టే చెప్పాడు. ఓడెల్ నించి మొదట ఉలుకూ పలుకూ లేదు. క్రిస్మస్ దాటాక, అన్నదాంట్లో మూడోవంతు వచ్చింది.

కొత్త షెడ్డు కల అంతటితో పోయింది. పాతదాన్నే బాగుచేయాలి, దానికి కూడా ఇంకా కావాలి. పాలెట్ రంగంలోకి దిగింది. తిన్న కేకు అరిగేదాకా ఊరుకోనని, తొలి ఏళ్ళలో కొండమీద చదివిన ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేయడం మొదలెట్టింది. "వెర్నా ఫోన్ చేస్తే ఎత్తరని నాకు తెలుసు. నేను పాలెట్‌ని, ఎత్తారు కదా, ఇక పెట్టనివ్వను" అనేదట. కొందరు వంద పంపారు, కొందరు వెయ్యి. ఒకావిడ ఏమీ పంపలేనని ఏడ్చి, సెలవుల్లో వచ్చి వారం రోజులు మేకులు కొట్టింది. వేసవంతా పని సాగింది. పుచ్చిన చెక్క పీకేసి, కింద సిమెంటు పోశారు. పడవలు దింపే రేవుకి కొత్త చెక్కలు వేశారు. పైకప్పు మాత్రం పాతదే. అక్కడక్కడ కురుస్తుంది.

పడవలు లోపల పెట్టుకునే రోజున చిన్న సంబరం చేశారు. అట్లు, మేపుల్ పాకం, కాఫీ. పిలవకుండానే ఓడెల్ వచ్చాడు. ఒంటెరంగు కోటు లేదు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. పిల్లలు పడవని భుజాల మీద ఎత్తుకుని లోపలికి మోస్తుంటే వెర్నా పక్కన వచ్చి నిలబడ్డాడు. ఓరిన్ దూరం నించే ఒక కన్నేసి ఉంచాడు.

"మిసెస్ హాల్‌స్టెడ్, వకీలు సంగతి... అది నా తప్పు."

ఇప్పుడేం కావాలో ఇతనికి, అనుకుంది వెర్నా.

"మా ఆవిడకి చెప్పాను, హోటల్లో మీరన్నది. ఆ వాక్యం ఏమిటో మళ్ళీ చెప్పమంది. చెబుతుంటే, ఎప్పుడో అలవాటైన మాటలా నా నోరే ముందుకెళ్ళిపోయింది. తెలుసా మీకు, ఆ వాక్యం నేనే కట్టాను. స్నానం చేస్తూ కట్టాను. భలే కుదిరిందని గర్వపడ్డాను. పక్క గది వాళ్ళకి కూడా వినిపించాను. ఆ గర్వం ఇప్పటికీ గుర్తుంది." నీళ్ళ వైపు చూస్తూ ఆగాడు. "మీ మొహం మాత్రం గుర్తు రావడం లేదు. ఎంత ప్రయత్నించినా."

వెర్నా అతన్ని అప్పుడు తేరిపార చూసింది. మంచివాడనిపించుకోవాలనుకునే మనిషి ఎవరూ అటువంటి ముక్క కల్పించి చెప్పడు. అబద్ధం ఇంతకన్నా అందంగా ఉంటుంది.

"అట్లు చల్లారిపోతున్నాయి, తినండి" అంది. క్షమించానని అనలేదు. అతనూ అడగలేదు. ఒక పళ్ళెం తీసుకుని, ప్రుయిట్ పక్కన కూర్చుని తిని, వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళేటప్పుడు కారులో ఓరిన్ అడిగాడు. "నమ్మావా?"

"గర్వపడ్డానన్నాడు చూడు, అది నమ్మాను."

"మిగతాది?"

"మిగతాది వాడి పెళ్ళాం చూసుకుంటుంది."

ఆ ఏడు పురస్కారం వసంతంలోనే ఎవరో అంతరిక్ష యాత్రికుడికి పోయింది. మరుసటేడు ఓడెల్‌కి ఇచ్చారు. వెర్నా విందుకి వెళ్ళలేదు. వ్యతిరేకంగా ఒక్క ముక్కా రాయలేదు. ఆ సాయంత్రం రేవులో పిల్లలు తెడ్లు వేస్తుంటే, చలిలో కోటు కప్పుకుని చూస్తూ కూర్చుంది. జట్టు ఆ వసంతం పెద్ద పోటీలో నాలుగో స్థానంలో వచ్చింది. నేల గట్టిదైనంత మాత్రాన చేతులు గట్టిపడవు కదా అన్నాడు ప్రుయిట్.

కార్లాతో మాటలు మళ్ళీ మామూలయ్యాయి, దాదాపుగా. ఆ అమ్మాయి ఏదైనా అడిగితే ఇప్పుడు వెర్నా ఠక్కున జవాబు చెబుతుంది, ఎదుటివాళ్ళని ఆలస్యంలో ఉంచకుండా. అది మాత్రం ఆవిడలో వచ్చిన మార్పు అంటాడు ఓరిన్.

ఓడెల్ ఇప్పటికీ ఏటా ఒక చెక్కు పంపుతాడు. పెద్దదేం కాదు. ఆడపిల్లల పడవకని రాస్తాడు. వెర్నా దాన్ని బ్యాంకులో వేస్తుంది, డబ్బు పడిందో లేదో రెండుసార్లు కనుక్కుంటుంది, పడిందని తేలాక గాని కృతజ్ఞతలు చెబుతూ కార్డు రాయడానికి కూర్చోదు.